కొత్త క్రైస్తవ సంఘం మొదలుపెట్టాలనుకుంటున్న తమ్ముడికి, 24 ఏళ్ల పరిచర్యలో చూసినవి

తమ్ముడూ, వందనాలు.

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెబుతాను, మిగతావాళ్లకూ అర్థం కావాలి కదా. మీకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. సాయంత్రాలు బైబిల్ కాలేజీకి వెళ్లి రెండేళ్ల కోర్సు పూర్తి చేశారు. పెళ్లయి ఏడాదిన్నర, మొదటి బిడ్డ రాబోతోంది. సొంత ఊరి దగ్గర మండల కేంద్రంలో సంఘం, అంటే చర్చి, మొదలుపెట్టాలని మనసులో భారం కలిగింది. ఉద్యోగం మానేయాలా, ఎంత డబ్బు కావాలి, స్థలం ముందా మనుషులు ముందా, కష్టాలు ఎలా ఉంటాయి, చివరికి సంతోషం ఏమైనా మిగులుతుందా అని అడిగారు.

నేను 2001లో ప్రకాశం జిల్లాలో, ఒంగోలుకు గంట ప్రయాణం దూరంలో ఒక మండల కేంద్రంలో మొదలుపెట్టాను. అప్పటికి నాకు 33 ఏళ్లు. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ని, మోటార్ వైండింగ్ షాపు ఉండేది. మొదటి కూడికలో ఏడుగురం, అందులో నలుగురం మా ఇంటివాళ్లమే. కానుకల సంచిలో 46 రూపాయలు. ఇప్పుడు ఆదివారం 180 మంది దాకా వస్తారు, చుట్టుపక్కల మూడు పల్లెల్లో గృహ కూడికలు జరుగుతాయి. పెద్ద పరిచర్య ఏమీ కాదు. కానీ మీరు అడిగిన వాటిలో చాలావాటికి నేను మొదట తప్పు చేసి తర్వాత దిద్దుకున్నాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు నాలుగు ఆదివారాలు ఆ ఊళ్లో గడపండి. ప్రసంగాలు వద్దు, కరపత్రాలు వద్దు. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా వీధులన్నీ నడవండి. ఇప్పటికే ఉన్న మందిరాల్లో వెనక చాప మీద కూర్చోండి. ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు అన్నది గమనించండి. నేను అలా తిరిగినప్పుడు మా ఊళ్లో మూడు సంఘాలు ఉన్నాయి. నాలుగోది ఎందుకు అని నన్ను నేనే అడుక్కోవాల్సి వచ్చింది. బస్టాండు వెనక కాలవ గట్టు మీద గుడిసెల్లో రైస్ మిల్లు హమాలీలు, పొగాకు గ్రేడింగుకు వెళ్లే ఆడవాళ్లు ఉండేవారు. ఆ మూడు సంఘాల్లో దేనికీ వాళ్లు వెళ్లేవారు కాదు. ఆరాధన పదిన్నరకు, వాళ్లకేమో ఆదివారం కూడా కూలి. పైగా మంచి చీర, ఇస్త్రీ చొక్కా లేకుండా మందిరంలో అడుగుపెట్టడానికి సిగ్గు. మా సంఘం అక్కడ, ఆదివారం రాత్రి ఏడున్నరకు మొదలైంది. ఎనిమిదేళ్ల పాటు మా ముఖ్య ఆరాధన రాత్రిపూటే జరిగింది. మిరపకోతల కాలంలో ఇప్పటికీ రాత్రికి మారుస్తాం.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, కొత్త సంఘం అన్న పేరుతో మొదలయ్యేవాటిలో చాలావరకు పాత సంఘం నుంచి విడిపోయినవే. పెద్దలతో గొడవపడి పది కుటుంబాలు బయటికి వస్తాయి. వాళ్లకు ఒక పాస్టర్ కావాలి, మీకు మనుషులు కావాలి. రేపే 40 మంది, రేపే దశమభాగాలు, అంటే సంపాదనలో పదో వంతు కానుకలు. చాలా ఆశగా ఉంటుంది. మా రెండో సంవత్సరంలో ఇలాగే 11 కుటుంబాలు ఒకేసారి వచ్చాయి. దేవుడే పంపాడని సాక్ష్యం కూడా చెప్పాను. రెండేళ్ల తర్వాత ఆ 11 కుటుంబాలూ, మా వాళ్లు ఇంకో మూడు కుటుంబాలూ కలిసి వెళ్లిపోయాయి. అక్కడ ఏ మాట మీద అలిగి వచ్చారో ఇక్కడా ఆ మాట మీదే అలిగారు. అప్పటి నుంచి వేరే సంఘం మనిషి మా దగ్గరికి వస్తే, ముందు ఆ సంఘం పాస్టర్ గారికి ఫోన్ చేస్తాను. కొన్నిసార్లు నేనే వెంటబెట్టుకుని వెనక్కి తీసుకెళ్లాను. ఇందువల్ల మా సంఖ్య తగ్గింది. కానీ ఊళ్లో ఉన్న మిగతా సేవకులు నన్ను నమ్మారు. ఆ నమ్మకం ఎంత అవసరమో సమాధుల తోట విషయం వచ్చినప్పుడు చెబుతాను.

ఉద్యోగం సంగతి. మానేయకండి. కనీసం ఇప్పుడు మానేయకండి. బైబిల్లో అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టుకుంటూనే సువార్త చెప్పాడు, దానికి సిగ్గుపడలేదు. నేను తొమ్మిదేళ్లు మోటార్లు చుట్టాను. ఎండాకాలం బోరు మోటార్లు వరసగా కాలిపోతాయి, రాత్రి పన్నెండు దాకా పని ఉండేది, చేతికి వార్నిష్ వాసనతోనే ప్రార్థనకు వెళ్లేవాణ్ణి. అలసట నిజమే. కానీ మన ఇంటి బియ్యం కానుకల సంచిలోంచి రాకపోతే మన నోరు మన దగ్గరే ఉంటుంది. మా సంఘంలో ఒకాయన అందరికంటే ఎక్కువ కానుక ఇచ్చేవాడు. ఆయనే మా విశ్వాసులకు నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పులిస్తున్నాడని తర్వాత తెలిసింది. ఒక హమాలీ భార్య తాళిబొట్టు ఆయన దగ్గర తాకట్టులో ఉంది. నేను వెళ్లి ఇంట్లో కూర్చుని మాట్లాడాను. ఆయన కానుక ఆగిపోయింది, కొన్నాళ్లకు ఆయనా రావడం మానేశాడు. షాపు లేకపోయి ఉంటే ఆ మాట ఆ ఇంట్లో అనగలిగేవాణ్ణా? అనేవాణ్ణని ఖచ్చితంగా చెప్పలేను.

మీరు ఊరికి మారాలంటే అక్కడ చేసుకోగలిగే పని ఒకటి ముందు వెతుక్కోండి. బీకాం చదివారు కాబట్టి ట్యూషన్లు, లెక్కలు రాయడం, జీఎస్టీ రిటర్నులు, ఏదైనా సరే. ఊరివాళ్లు మిమ్మల్ని ముందు పని చేసుకునే మనిషిగా చూడాలి. ఏ పనీ లేకుండా బ్యాగు పట్టుకుని ఊళ్లో దిగిన పాస్టర్‌ని అందరూ ఒకటే అడుగుతారు, "ఈయనకు డబ్బు ఎక్కడినుంచి వస్తోంది?" అని. అడగడంలో తప్పు లేదు.

డబ్బు ఎంత కావాలి అన్నదానికి నా లెక్క చాలా చిన్నది. గది అద్దె నెలకు 800, నాలుగు ఈత చాపలు, ఒక ట్యూబ్‌లైటు, ఒక కంజీర. అంతే. కీబోర్డు ఆరో సంవత్సరంలో వచ్చింది. మైకు కొనడం నేను చేసిన మొదటి తప్పు ఖర్చు. పన్నెండు మందికి మైకు ఎందుకు చెప్పండి? రోడ్డుకు వినిపిస్తే నలుగురు వస్తారనుకున్నాను. ఎవరూ రాలేదు. పక్కింటి ఆయన మాత్రం వచ్చాడు, కొడుక్కి ఇంటర్ పరీక్షలు, చదువుకోనివ్వండి అని. ఆ రాత్రి స్పీకర్ బాక్సు తీసి అటక మీద పెట్టాను. లౌడ్ స్పీకర్‌కు అనుమతి కావాలి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా వాడకూడదు అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. చాలామంది సేవకులు దీన్ని మన మీద కక్షగా చూస్తారు, నాకు అలా అనిపించదు. పొరుగువాడి నిద్ర కూడా సాక్ష్యంలో భాగమే. చట్టం సంగతి అలా ఉంచితే, పరీక్ష రాసే పిల్లవాడి ముందు మనం పాడే పాట ఎవరికి మహిమ తెస్తుంది?

మా ప్రాంతపు చరిత్ర ఒకటి ఇక్కడ చెప్పాలి. ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది, మీరు విని ఉంటారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్తిస్తు మిషనరీ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, క్లౌ దొరగారు, ఒంగోలు వచ్చింది 1866లో. అంటే పన్నెండేళ్లు. 1867 జనవరి 1న ఒంగోలు బాప్తిస్తు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సభల్లో అందరూ ఈ 2,222 గురించే చెబుతారు. నాకు ముఖ్యంగా కనిపించేవి వేరే రెండు సంగతులు.

ఒకటి, యర్రగుంట్ల పేరయ్య. తోలు వ్యాపారం చేసుకునే మాదిగ మనిషి. క్లౌ దొరగారు ఆయన ఊరికి వెళ్లకముందే పేరయ్య తన వాళ్ల మధ్య కూర్చుని తను విన్నది చెప్పాడు. దొరగారు వెళ్లేసరికి ఎదురుచూసే మనుషులు ఉన్నారు. మనం వెళ్లబోయే ఊళ్లో కూడా మనకంటే ముందు ఎవరో ఒకరు ప్రార్థన చేస్తూ ఉంటారు. సంఘం అసలు ఆ మనిషితోనే మొదలవుతుంది, మనం వెళ్లి కలుస్తాం. మా ఊళ్లో ఆ మనిషి పొగాకు బ్యారన్‌లో పనిచేసే ఒక అమ్మ. పుట్టింటివాళ్లు విశ్వాసులు, అత్తింటి ఊళ్లో పదిహేనేళ్లుగా ఒక్కతే. చదువు రాదు. బైబిల్‌ను గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకునేది.

రెండోది, 1876–78 కరువు. జనం ఆకలితో చచ్చిపోతుంటే క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ సహాయం నడిచినన్నాళ్లూ, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం ఎవరూ ప్రభువు పేరు చెప్పకూడదని. ఆ 2,222 మంది ఆ తర్వాత వచ్చినవాళ్లు. నేను దీన్ని మా సంఘంలో నియమంగా పెట్టాను. తుఫాను వచ్చినా, కరోనా వచ్చినా, బియ్యం ఇచ్చిన ఇంట్లో ఆ నెలలో బాప్తిస్మం మాట ఎత్తం. ప్రార్థన చేయమని వాళ్లు అడిగితే చేస్తాం. మతం మార్చడానికి డబ్బులిస్తున్నారని మన మీద ఆరోపణ వస్తుంది, దానికి వాదనతో జవాబు చెప్పలేం.

బాప్తిస్మం గురించే ఇంకొకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లను మన రాష్ట్రాల్లో బీసీ-సి కింద లెక్కిస్తారు. ఈ ఉత్తర్వు న్యాయంగా ఉందని నేను అనుకోను. మందిరానికి వెళ్లినంత మాత్రాన ఊళ్లో ఎవరూ మా వాళ్లను తక్కువగా చూడటం మానలేదు. అయినా పిల్లల చదువుకు, ఉద్యోగానికి సంబంధించిన విషయం ఇది. బాప్తిస్మం అడిగిన ప్రతి కుటుంబాన్నీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మొదటి ఐదేళ్లు నేను చెప్పలేదు. చెబితే ఆగిపోతారని భయపడ్డాను. ఒక కుర్రాడు ఉద్యోగం ఇంటర్వ్యూ నుంచి వచ్చి "ముందే చెప్పాల్సింది కదా అయ్యగారూ" అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక కులం. దీని గురించి బైబిల్ కాలేజీలో మీకు పెద్దగా చెప్పి ఉండరు. మా ప్రాంతంలో చాలా ఊళ్లలో మాలపల్లెకు ఒక మందిరం, మాదిగపల్లెకు ఒక మందిరం. ఒకే పాటల పుస్తకం, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఒకే ప్రభువు బల్ల, కానీ రెండు గుళ్లు. కొత్తగా మొదలుపెట్టేవాడికి దేవుడు ఇచ్చే గొప్ప అవకాశం ఇదే, పాత గోడల్లేని చోట మొదలుపెట్టడం. అయితే గోడలు మనుషులతోపాటే నడిచి వస్తాయి. 2003 డిసెంబరులో మా మొదటి ప్రేమ విందు, సంఘమంతా కలిసి తినే భోజనం. మాదిగపల్లె నుంచి వచ్చే ఒక అక్క కోడికూర వండింది. వడ్డించే వేళకు ఆరుగురు లేచారు. "ఇంట్లో తినేసి వచ్చాం అయ్యగారూ." ఒకతను ఇంటి నుంచి స్టీలు ప్లేటు తెచ్చుకున్నాడు. నేను ఆ రోజు ఏమీ అనలేదు, ఆ అక్క పక్కన కూర్చుని తిన్నాను. తర్వాత ఆలోచిస్తే నేను తింటే సరిపోదని అర్థమైంది. నేను పాస్టర్‌ని, నన్ను ఎవరూ ఏమీ అనరు.

అప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం విందు పెట్టాం. వంతులవారీగా వంట, ఇంటికి ఒక నెల, చీటీలు తీసి నిర్ణయించేవాళ్లం. విందు తిననివాళ్లకు ఆ నెల ప్రభువు బల్ల కూడా లేదు. కఠినంగా ఉందని పెద్దల్లో ఇద్దరు అన్నారు. రెండు కుటుంబాలు వెళ్లిపోయాయి. అందులో ఒకటి నాకు చాలా దగ్గరి కుటుంబం. కానీ మూడో సంవత్సరానికి ఆ స్టీలు ప్లేటు తెచ్చుకున్నతనే వంట దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డాడు. 2014లో ఆ రెండు పల్లెల పిల్లలు మా మందిరంలో పెళ్లి చేసుకున్నారు. ఇద్దరి తండ్రులూ పెళ్లికి రాలేదు. మనవడు పుట్టాక, వాణ్ణి దేవుడికి ప్రతిష్ఠ చేసే ఆదివారం ఇద్దరూ వచ్చి ఒకే చాప మీద కూర్చున్నారు. మాట్లాడుకోలేదు. బిడ్డను మాత్రం ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకున్నారు. సంతోషం మిగులుతుందా అని అడిగారు కదా, ఇలాంటివి మిగులుతాయి.

పెళ్లి అంటే గుర్తొచ్చింది. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద స్వతంత్ర సంఘం పాస్టర్‌కు పెళ్లి జరిపించే లైసెన్సు ప్రభుత్వం నుంచి రావాలి. లేకుండా జరిపిస్తే నేరం కూడా. నాకు ఇది తెలియక మొదట్లో మూడు పెళ్లిళ్లు చేశాను. అందులో ఒక అమ్మాయి భర్తతో విదేశం వెళ్లడానికి కాగితాలు పెట్టుకుంటే నేను ఇచ్చిన సర్టిఫికెట్ చెల్లదన్నారు. ఆ పిల్ల ఏడుస్తూ ఫోన్ చేసింది. మళ్లీ రిజిస్ట్రార్ దగ్గరికి తిరిగి అన్నీ సరిచేసేసరికి ఏడు నెలలు పట్టింది. 2009లో నాకు లైసెన్సు వచ్చింది. అది వచ్చేదాకా మీరు ప్రార్థన మాత్రం చేయండి, పెళ్లి లైసెన్సు ఉన్న సేవకుడితో చేయించండి.

సమాధుల తోట గురించి చెబుతానన్నాను. కొత్త సంఘానికి అన్నీ ఉండొచ్చు, పాతిపెట్టడానికి చోటు ఉండదు. ఉన్న తోటలు పాత మిషన్లవి, వాళ్ల సభ్యులకే. మా సంఘంలో మొదటి చావు 2004లో, ఒక హమాలీ. శవాన్ని ఇంట్లో పెట్టుకుని మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా తిరిగాను. చివరికి ఆ ఊళ్లోని పాత సంఘం పాస్టర్ గారు, నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన, తన కమిటీతో మాట్లాడి తోటలో ఒక మూల చోటు ఇప్పించారు. ఆయనే స్వయంగా వచ్చి నిలబడ్డారు. నేను ఆయన సంఘం మనుషుల్ని లాక్కుని ఉంటే ఆ రాత్రి ఆ మనిషిని ఎక్కడ పెట్టేవాణ్ణి? మీరు ఊళ్లో దిగిన మొదటి వారంలోనే అక్కడి సేవకులందరినీ వాళ్ల ఇళ్లకు వెళ్లి కలవండి. చావు వచ్చాక కాదు.

డబ్బు, ఆస్తి విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. 2008లో ఆరు సెంట్ల స్థలం కొన్నాం. సొసైటీ రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు, బేరం పోతుందని తొందరపడి నా పేరు మీద రాయించాను. విశ్వాసులు కూలి డబ్బులు కూడబెట్టి ఇచ్చిన స్థలం అది. ఒకామె ముక్కుపుడక అమ్మి ఇచ్చింది. ఏడాది తర్వాత పెద్దల మీటింగులో ఒకాయన నెమ్మదిగా అడిగాడు, "అయ్యగారూ, రేపు మీకేమైనా అయితే ఈ స్థలం ఎవరిది?" నాకు చాలా బాధేసింది. నన్ను అనుమానిస్తున్నారని రెండు నెలలు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. కానీ చట్టం ప్రకారం జవాబు ఏమిటి? నా భార్యాపిల్లలది. ఆ మాట నాకు నేను చెప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. 2001 నాటి సొసైటీల చట్టం కింద సంఘాన్ని రిజిస్టర్ చేయించి, 2011లో గిఫ్ట్ డీడ్ రాసి స్థలాన్ని సంఘం పేరుకు మార్చాను. ఖర్చు నేనే పెట్టుకున్నాను, ఆ తప్పు నాది కాబట్టి. ఇప్పుడు బ్యాంకు ఖాతా సంఘం పేరు మీద, రెండు సంతకాలు, అందులో నా సంతకం లేదు. ప్రతి నెలా జమాఖర్చులు ఆరాధనలో పైకి చదువుతారు, కరెంటు బిల్లుతో సహా. మందిరం కట్టేటప్పుడు ప్రార్థనా మందిరం అనే రాసి అనుమతి తీసుకోండి. ఇల్లు అని ప్లాను పాస్ చేయించుకుని మందిరం కడితే, ఎవరైనా ఫిర్యాదు చేసిన రోజు మీ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు.

విదేశాల నుంచి స్నేహితుడు పంపిస్తానన్నాడని రాశారు. వద్దు. సంఘం పనికి విదేశీ డబ్బు తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి సంస్థ పెట్టి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలైనా సేవ మీద ఖర్చుపెట్టి ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చింది ఇంకో సంస్థకు ఇవ్వడానికి కూడా లేదు. స్నేహితుడు విదేశీ పౌరుడైతే, ప్రేమతో మీ సొంత ఖాతాకు వేసినా, సంఘం కోసం వేస్తే అది తప్పే. నిజం చెప్పాలంటే చట్టం లేకపోయినా నేను వద్దనే అనేవాణ్ణి. హమాలీ ఇచ్చిన పది రూపాయలతో కొన్న చాప మీద హమాలీ ధైర్యంగా కూర్చుంటాడు.

ఇంకొకటి, దీన్ని రాయడానికి నాకు కష్టంగా ఉంది. 2007లో మా వార్షిక సభలకు ఒక ప్రసంగీకుణ్ణి పిలిచాం. ఆయన స్వస్థత ప్రార్థన చేసి, విశ్వాసం ఉన్నవాళ్లు మాత్రలు పారేయండి అన్నాడు. నేను స్టేజీ మీదే ఉన్నాను. లేచి మైకు తీసుకోవాల్సింది. పెద్ద సేవకుడు, వచ్చిన అతిథి అని ఊరుకున్నాను. మా సంఘంలో ఒక పెద్దామె బీపీ మాత్రలు ఆపేసింది. ఆరు వారాలకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. బతికినన్నాళ్లూ ఎడమ చేత్తోనే కానుక వేసేది. రోగులకోసం ప్రార్థించండి, దేవుడు బాగుచేయడం నేను కళ్లారా చూశాను. కానీ డాక్టర్ మందు ఆపమని మీ సంఘంలో ఎవరూ, ఎంత పెద్దవాళ్లయినా, అనకూడదు. అంటే అక్కడే, అందరి ముందే కాదని చెప్పండి.

మీ ప్రశ్నలో మీ భార్య గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, బిడ్డ రాబోతోందని. ఆమె ఏమంటోంది? సంఘం పెట్టిన మర్నాటి నుంచి ఆమెను పాస్టరమ్మ గారూ అంటారు. ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టాలి, ఎవరి ఇంట్లో గొడవైనా వినాలి, ఏ చీర కట్టినా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. మా ఆవిడ మిషను కుట్టి ఇల్లు నడిపింది, సండే స్కూలు నడిపింది. పన్నెండేళ్ల తర్వాత ఒక రాత్రి "నన్ను ఎవరైనా అడిగారా?" అంది. నేను అడగలేదు. మా పాప ఏడో తరగతిలో "నాన్నా, ఆదివారం మనింటికి ఎవరూ రాని ఊరికి వెళ్దామా?" అంది. అప్పటి నుంచి సోమవారం మాది. ఫోన్ పక్కింట్లో ఇచ్చేస్తాం, చావు కబురైతేనే పిలుస్తారు. సంఘం దీన్ని అర్థం చేసుకోవడానికి ఏడాది పట్టింది. మీరు మొదటి వారం నుంచే పెట్టుకోండి. అంతకంటే ముందు ఆమెను అడగండి, ఆమె కాదంటే ఆగండి. బిడ్డకు కనీసం ఏడాది నిండేదాకా హైదరాబాద్‌లోనే ఉండి, నెలకు రెండు ఆదివారాలు ఊరికి వెళ్లి ఒక ఇంట్లో ప్రార్థన పెట్టండి. అది కూడా సంఘమే.

ఇవన్నీ చదివి భయపడకండి. నాకు మళ్లీ 33 ఏళ్లు వస్తే మళ్లీ ఇదే చేస్తాను. గుడిసెలో పుట్టిన పిల్లల పేర్లు నేనే పెట్టాను, వాళ్లలో ఒకమ్మాయి ఇప్పుడు నర్సు. 2020 లాక్‌డౌన్‌లో మందిరం మూసేస్తే రాత్రి ఎనిమిదికి కాన్ఫరెన్స్ కాల్‌లో నలుగురు నలుగురు చొప్పున ప్రార్థన చేసుకున్నాం, ఆ గుంపుల్ని నడిపింది ఆడవాళ్లే. తాగుడు మానేసిన ఒక హమాలీ ఇరవై ఏళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం ఎవరూ చెప్పకుండా వచ్చి మందిరం ఊడుస్తాడు.

బియ్యం డబ్బాలో బైబిల్ దాచుకున్న అమ్మ గురించి చెప్పాను కదా. 2005లో మా ఆవిడ రాత్రిపూట అక్షరాలు నేర్పడం మొదలుపెడితే మొదట వచ్చి కూర్చుంది ఆమే. అప్పటికి ఆమెకు 50 దాటాయి. రెండేళ్లలో బ్యాంకులో వేలిముద్ర మానేసి సంతకం పెట్టింది.

2023లో నాకు గుండె ఆపరేషన్ అయింది. ఆరు ఆదివారాలు మందిరానికి వెళ్లలేదు. గుంటూరు ఆసుపత్రి మంచం మీద పడుకుని సంఘం ఏమైపోతుందో అని ఒకటే టెన్షన్. ఫోన్ చేస్తే పెద్దలు "బాగానే ఉంది, మీరు పడుకోండి" అని పెట్టేసేవారు. ఏడో ఆదివారం చెప్పకుండా వెళ్లి చివరి వరసలో కుర్చీలో కూర్చున్నాను. హమాలీ ప్రార్థన చేశాడు. ఆ నర్సు అమ్మాయి పాట ఎత్తుకుంది. జమాఖర్చులు చదివారు. వాక్యం చదవడానికి ఆ అమ్మ లేచింది. కళ్లజోడు సర్దుకుని, వరస మీద వేలు పెట్టుకుని చదువుతోంది. ఒక మాట దగ్గర ఆగిపోయింది. ముందు కూర్చున్న పిల్లవాడు అందించబోతే చెయ్యి అడ్డం పెట్టి వద్దంది. అందరూ ఆగారు. ఆమె ఆ మాటను కూడబలుక్కుని, మొదటి నుంచి మళ్లీ గట్టిగా చదివింది.